మొహమాటపడే తలుపు

వారానికోసారి ఫోను టేపు మాస్టర్ని ఒక ప్రశ్న అడిగేది: ఈ ఫోనుతో మీరు తృప్తిగా ఉన్నారా? ప్రశ్న కింద ఖాళీ నక్షత్రాలు వరసగా ఉండేవి. మాస్టరు చేతిలో కత్తెర ఉన్నా సరే పక్కన పెట్టి, దగ్గరచూపు అద్దాలు సర్దుకుని, చివరి నక్షత్రం దాకా నింపి, ఆ తర్వాతే మళ్ళీ గుడ్డ మీదికి వంగేవాడు. ఇన్నేళ్ళ బతుకులో తృప్తిగా ఉన్నావా అని ఆయన్ని మరే వస్తువూ అడగలేదు, మరే మనిషీ అడగలేదు. అడిగినదానికి మర్యాదగా జవాబు చెప్పడం ఆయన పద్ధతి.

"నన్నూ అడగండి ఒకసారి," అంది భార్య, కాజా కుట్టే సూది ఆపకుండా.

"నిన్ను అడగడం దేనికి? రోజూ అడక్కుండానే చెప్తున్నావుగా."

"చెప్తున్నాను. వినేవాళ్ళకే తీరిక లేదు."

ముందుగదిలో దుకాణం, వెనకగదిలో కాపురం. దుకాణంలో ఒక కటింగ్ బల్ల, రెండు మిషన్లు, బట్టలు తొడిగి చూడ్డానికి తలలేని బొమ్మ ఒకటి. మూలన, వచ్చినవాళ్ళు బట్టలు మార్చుకునే చిన్న అర. దానికి పచ్చరంగు తలుపు. ఈ కథంతా ఆ తలుపు దగ్గరే జరిగింది కాబట్టి దాన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఆయన్ని టేపు మాస్టరు అనడం వట్టి వెటకారం. మెడలో టేపు ఎప్పుడూ ఉండేది గానీ దాంతో ఆయన ఎవర్నీ కొలిచిన పాపాన పోలేదు. కంటితో చూసి కోసేవాడు. వచ్చినవాణ్ణి తలుపు పక్కన నిలబెట్టి, "మీ వీధిలో నీళ్ళ పైపు బాగుచేశారా?" అని అడిగేవాడు. వాడు పైపు గురించి, పైపు వేసినవాళ్ళ గురించి, వాళ్ళని పంపినవాళ్ళ గురించి మొదలుపెట్టేవాడు. కోపంలో ఒళ్ళు మరిచిపోయేవాడు. లోపలికి బిగబట్టిన పొట్ట బయటికొచ్చి తన చోట తను కూర్చునేది, వాలే భుజం వాలేది. సరిగ్గా అప్పుడు చూసేవాడు మాస్టరు. వీధిలో కొందరు దీన్ని వరం అన్నారు, కొందరు కళ అన్నారు. రెండూ పెద్ద మాటలే. మనిషి ఏమరుపాటుగా ఉన్నప్పుడు చూడటం, అంతే. జేబుదొంగలకీ తెలిసిన పనే.

చిక్కల్లా, చూసిన అంకెలు తలలో నిలవాలి. అరవై దాటాక అవి ఒకదాన్నొకటి తోసుకోవడం మొదలెట్టాయి. ఒకసారి పోస్టుమాన్ కొలతకి మందుల షాపాయన చొక్కా కోయబోయాడు. అప్పుడే కూతురు, కొత్త ఫోను కొనుక్కుని, తను వాడిన పాత ఫోను తెచ్చి ఇచ్చింది.

"ఎవరొచ్చినా ఆ తలుపు పక్కన నిలబెట్టి ఒక ఫొటో తీసుకో నాన్నా. కోసేటప్పుడు ముందు పెట్టుకో. గుర్తుపెట్టుకునే పనే ఉండదు."

ఆ తలుపు వెడల్పు మాస్టరుకి కంఠతా వచ్చు. ఫొటోలో తలుపు ఎంత, దాని పక్కన మనిషి ఎంత అని చూస్తే చాలు, కొలతలన్నీ వాటంతటవే వచ్చేవి. నల్ల గుడ్డ మీద నల్ల దారం వేసేటప్పుడు ఆ ఫోనే దీపం. గుడ్డ జరక్కుండా ఉండాలంటే అదే బరువు. మిగిలిపోయిన కోటు లైనింగుతో దానికో సంచి కుట్టి, గుండీ కూడా పెట్టాడు. ఫోన్ల వల్ల లోకం చెడిపోయిందని రోజూ పొద్దున్నే వచ్చి ఉపన్యాసం ఇచ్చే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. మాస్టరు అంతా విని, తలూపి, ఆయన్ని కూడా తలుపు పక్కన నిలబెట్టి ఫొటో తీసేవాడు.

ఆ తర్వాత వీధిలో జనం చిక్కడానికి తంటాలు పడటం మొదలుపెట్టారు.

మందుల షాపాయన, ఫొటో చూసి కుట్టిన చొక్కా తొడుక్కుని గుండీ పెట్టబోతే అందలేదు. తప్పు చొక్కాది అయి ఉంటుందని ఆయనకి తోచనే లేదు. మాస్టరు కన్ను తప్పదు కదా. లావెక్కానని తీర్మానించుకుని చక్కెర మానేశాడు. పోస్టుమాన్ సైకిలు వదిలేసి నడక పట్టాడు. అందరికన్నా ఎక్కువ కష్టపడింది బస్సు డ్రైవరు. యూనిఫారం ప్యాంటు తొడుక్కుని బస్సెక్కి కూర్చోగానే వెనక కుట్టు పట్‌మని పోయింది. ఆ రోజంతా ఒక్క స్టాపులోనూ సీటు దిగలేదు. ఆ రాత్రి నుంచి ఆయన తిండి సగం చేశాడు. కొందరి పరపతి అలాంటిది. వాళ్ళు పొరపాటు చేస్తే ఊరు పస్తుంటుంది.

ఇదేదీ మాస్టరుకి తెలియదు. బిగుతైన బట్టలు పెరటి గుమ్మంలోంచి భార్య చేతికి చేరేవి. "కొంచెం ఒళ్ళు చేశానమ్మా, ఆయనకి చెప్పకండి," అని వాళ్ళే సిగ్గుపడేవాళ్ళు. ఆవిడ వెనకగదిలో కూర్చుని, ఆయన కుట్లు విప్పి, లోపల వదిలిన గుడ్డ బయటికి తీసి, మళ్ళీ కుట్టి పంపేది. మొదట్లో ఆవిడా నమ్మింది. తర్వాత, ఇంతమంది మాట్లాడుకున్నట్టు ఒకేసారి ఎలా లావెక్కుతారని ఆలోచనలో పడింది. అయినా నోరు విప్పలేదు.

డ్రైవరు కోటుగుడ్డ పట్టుకొచ్చిన రోజు విప్పక తప్పలేదు.

డ్రైవరు రిటైరవుతున్నాడు. డిపోలో తోటివాళ్ళు అందరూ కలిసి బూడిదరంగు ఉన్ని గుడ్డ కొనిపెట్టారు. వీడ్కోలు సభకి ఆయన ఆ గుడ్డతో కుట్టిన కోటు వేసుకుని రావాలి. గుడ్డ బాగుంది గానీ ఆయన ఒడ్డూపొడుగూ తెలియకుండా అంచనాగా తెచ్చారు. సరిగ్గా కోస్తే సరిపోతుంది. తప్పు కోస్తే విప్పి వదులు చేయడానికి లోపల ఒక్క అంగుళం మిగలదు. పోయి మళ్ళీ తెద్దామంటే ఆ రకం షాపులో అయిపోయింది.

మాస్టరు ఫొటో తీశాడు. డ్రైవరు వెళ్ళిపోయాడు. బల్ల మీద గుడ్డ పరిచి, సుద్ద చేతిలోకి తీసుకుంటుండగా భార్య వచ్చి గుడ్డ మీద చెయ్యి వేసింది.

"కొయ్యకండి."

"ఏం?"

ఆవిడ వెనకగదిలోంచి విప్పుతున్న ప్యాంటు తెచ్చి ఆయన ముందు పెట్టింది. డ్రైవరుదే. తర్వాత ఇంకో చొక్కా. ఆ తర్వాత ఇంకోటి.

"ఇవన్నీ నువ్వు..."

"చాలా రోజుల్నుంచి."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే మీరు కత్తెర కింద పెడతారు. మళ్ళీ ఎత్తరు. మీ సంగతి నాకు తెలీదా?"

మాస్టరు చొక్కా కుట్టు వేళ్ళతో తడిమి చూశాడు. కుట్టు తనది, కోత తనది, మనిషి మాత్రం వేరే ఎవరో. కన్ను పోయింది అనుకున్నాడు. ఆ క్షణంలో ఆయనకి భయంకన్నా అయోమయమే ఎక్కువైంది. కన్ను పోతే పోయినట్టు తెలియాలి కదా. ఎదురుగా గోడ మీద బల్లి కూడా స్పష్టంగానే కనిపిస్తోంది.

మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు దీపాలు వేసి, దీపాలు ఆర్పి, అక్షరాలు చదివించి, "మీ కళ్ళకేం లేదు, భేషుగ్గా ఉన్నాయి," అన్నాడు.

"ఇంకోసారి చూడండి."

"ఎందుకండీ, బాగున్నాయంటుంటే?"

"బాగుంటేనే కదండీ నాకు ఇబ్బంది," అన్నాడు మాస్టరు. డాక్టరుకి అర్థం కాలేదు. కొత్త అద్దాలు రాస్తే మాస్టరు వేసుకుని పని చూసుకునేవాడు. బాగున్న కళ్ళకి మందేముంటుంది?

ఇంటికొచ్చి ఫోనులో ఫొటోలన్నీ ఒక్కొక్కటే తీసి చూశాడు. డ్రైవరు, పోస్టుమాన్, మందుల షాపాయన, లోకం చెడిపోయిన పెద్దమనిషి. చూడగా చూడగా, మనుషుల్లో కాదు, తలుపులో ఏదో తేడా కనిపించింది. జీవితమంతా తిన్నటి గీతలు గీసినవాడికి వంకర గీత ఇట్టే దొరుకుతుంది. తలుపు చట్రం నడుము ఎత్తున లోపలికి వంగి ఉంది.

ఎక్కడలేని సంతోషం వేసింది. కన్ను పోలేదు. తలుపు వంగింది. వంగిన తలుపుని బట్టి కొలిస్తే కొలత తప్పకేమవుతుంది? వెంటనే వడ్రంగికి కబురు పెట్టాడు.

వడ్రంగి ఆయన చిన్నప్పటి స్నేహితుడు. ఆ తలుపు పెట్టింది అతనే. సన్నగా, నిలబెట్టిన బద్దలా ఉంటాడు. వస్తూనే సంచిలోంచి దారానికి కట్టిన ఇనుప గుండు తీసి చట్రం పక్కన వేలాడేశాడు. తర్వాత తిన్నటి ఇనుప కొలబద్ద ఆనించి, ఒక కన్ను మూసి, పైనుంచి కిందికి చూశాడు.

"తలుపు నిటారుగానే ఉంది. నువ్వే వంకరగా ఉన్నావ్."

"ఫోనులో చూడు."

వడ్రంగి చూశాడు. తల గోక్కున్నాడు. "ఇది నా తలుపు కాదు."

"నీ తలుపే. పచ్చరంగు. ఆ పక్కన మేకు."

"నా తలుపు వంగదయ్యా. ఏదీ, ఖాళీ తలుపుని తియ్యి ఒకసారి."

మాస్టరు తీశాడు. నిటారుగా వచ్చింది. డ్రైవరుతో తీసినదాంట్లో వంకర.

"నన్ను నిలబెట్టి తియ్యి," అన్నాడు వడ్రంగి. తీస్తే చట్రం మళ్ళీ వంగింది. కొద్దిగానే, వడ్రంగి ఉన్నదే అంత కాబట్టి. తలలేని బొమ్మని మోసుకొచ్చి అదే చోట నిలబెట్టారు. తలుపు వంగలేదు.

వడ్రంగి బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. "నాకు తెలిసిపోయింది. నీ తలుపుకి మొహమాటం. మనిషొస్తే పక్కకి జరిగి చోటిస్తోంది."

"మరి బొమ్మకి ఇవ్వలేదేం?"

"దానికి తల లేదుగా. తల లేనివాళ్ళ దగ్గర మొహమాటం దేనికి?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

"నాది సరే, నీ ఫోనుకేమైందో చూపించుకోరాదూ?"

"ఫోనుకేమవుతుంది?" అన్నాడు మాస్టరు. అన్నాక ఆయనకే ఆశ్చర్యమేసింది. కన్నుని అనుమానించాడు, తలుపుని అనుమానించాడు, డాక్టరు మాటనీ అనుమానించాడు. సంచిలో గుండీ పెట్టి దాచుకున్నదాని వైపు మాత్రం అనుమానం ఒక్కసారీ పోలేదు. మనకి బాగా నచ్చినవాణ్ణి మనం విచారించం. విచారణంతా మిగతావాళ్ళకే.

వాళ్ళిద్దరూ బొమ్మ భుజాల మీద మాస్టరు టోపీని నిలబెట్టి తలలా చేయాలని తంటాలు పడుతుండగా కూతురు వచ్చింది. వాళ్ళ గోడు విని నవ్వింది. ఫొటోలు చూసి నవ్వు ఆపేసింది.

"అది నేను పెట్టుకున్నదే నాన్నా."

"ఏం పెట్టుకున్నావు?"

"సన్నగా కనపడేట్టు. ఫోనులో అదొకటి ఉంటుంది. మొహం కనపడితే చాలు, మనిషిని పట్టుకుని నడుము దగ్గర లోపలికి నొక్కుతుంది. నొక్కేటప్పుడు వెనకున్నదాన్ని కూడా కాస్త లాగుతుంది. నీకిచ్చేటప్పుడు తీసెయ్యడం మరిచిపోయాను."

వడ్రంగి "నే చెప్పలా, నా తలుపు వంగదని," అంటూ సంచి సర్దుకున్నాడు. ఇక తనకేం పని లేదన్నట్టు వెళ్ళబోయి, ఏం జరుగుతుందో చూద్దామని మళ్ళీ కూర్చున్నాడు.

మాస్టరు కూతురి వంకే చూస్తున్నాడు. చిన్నప్పటినుంచీ పిల్లకి కొలత తీయకుండానే కుట్టాడు. భుజం ఎంతో, నడుము ఎంతో ఎప్పుడూ తెలుసు. లావు అన్న మాట ఆయనకి ఎన్నడూ తోచలేదు. అయితే ఫోనులో ఆ పిల్ల ఫొటోలు వీధంతా చూపించి, మా అమ్మాయి ఎంత బాగుందో చూడండి అన్నది కూడా తనే.

"నీకెందుకమ్మా అది? నీ కొలతలకేం తక్కువ?"

"నువ్వు కొలతలు చూస్తావు నాన్నా. మిగతావాళ్ళు మనిషిని చూస్తారు."

ఈ మాట ఆయనకి అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపాడు. కూతురు ఎక్కడో రెండుసార్లు నొక్కి, "తీసేశాను," అంది.

"తీస్తే నీ పాత ఫొటోలు మళ్ళీ..."

"అవి అలాగే ఉంటాయిలే."

"అలాగే ఉండనీ," అన్నాడాయన, గుండె కుదుటపడి.

దొంగ దొరికాడు. అంతా బాగుపడాలి. కానీ మర్నాడు డ్రైవర్ని పిలిపించి, తలుపు పక్కన నిలబెట్టి, కొత్తగా ఫొటో తీసి చూసినా మాస్టరు చెయ్యి సుద్ద మీదికి వెళ్ళలేదు. పొట్ట బిగబట్టి, ఛాతీ విరిచి, జవానులా నిలబడ్డాడు డ్రైవరు. ఫోను చూడగానే ఎవరైనా అలాగే నిలబడతారు. నొక్కుడు తీసేసినా ఇది తప్పు కొలతే. ఇన్నాళ్ళూ ఎవర్నీ ఏదీ అడగలేదని, పైపు సంగతి కనుక్కోలేదని, వచ్చినవాణ్ణి వచ్చినట్టే నొక్కి పంపేశాడని అప్పుడు గుర్తొచ్చింది.

పోనీ వట్టి కంటితో చూద్దామంటే, కన్ను ఒక అంకె చెప్తుంది, వెంటనే తల "నిజమేనా?" అంటుంది. ఆఖరికి మెడలోంచి టేపు తీశాడు.

డ్రైవరు ఒకడుగు వెనక్కి వేశాడు. "ఏంటి మాస్టారూ, టేపు పెడుతున్నారా? నాకేమైనా జబ్బా?"

"కదలకండి. గాలి వదలండి."

"వదిలాను."

"వదల్లేదు."

"ఇంతకన్నా వదిలితే పోతాను."

మెడకి రాసుకుని రాసుకుని టేపు మధ్యలో అంకెలు చెరిగిపోయి ఉన్నాయి. ఉన్నవి చదివితే కన్ను చెప్పినదానికన్నా తక్కువ వచ్చింది. తమాషా చూద్దామని ఆ రోజూ వచ్చి కూర్చున్న వడ్రంగి ఊరుకోలేక ఇనుప కొలబద్ద తెచ్చి టేపు పక్కన పెట్టాడు. ఏళ్ళ తరబడి వేలాడి టేపు సాగిపోయింది. ఎంత సాగిందో అంత అబద్ధం. ఫోను ఒకటి చెప్పింది, టేపు ఒకటి చెప్పింది, కన్ను ఒకటి చెప్పింది. మాస్టరు టేపు బల్ల మీద పడేశాడు. ఈ గుడ్డ వేరే ఎవరి దగ్గరికైనా పట్టుకెళ్ళమని చెప్పేద్దామని నోరు తెరవబోయాడు.

మిషను వెనకనుంచి భార్య తలెత్తకుండానే అడిగింది. "ఇంతకీ అన్నయ్యగారూ, మీ బస్సు ఎవరికిస్తున్నారట?"

"ఎవరికా?" అన్నాడు డ్రైవరు. "ఆ కొత్తగా వచ్చినాయనకి. క్లచ్ మీద కాలేసి కూర్చుంటాడమ్మా, అదేదో కాలిపీట అయినట్టు. గేరు మారిస్తే బండి ఏడుస్తుంది. నేను ఇన్నేళ్ళు దాన్ని..."

పొట్ట వచ్చింది. ఛాతీ దిగింది. ఏళ్ళ తరబడి స్టీరింగు మీదికి వంగిన వీపు గుండ్రంగా తన చోటికి వచ్చింది. గేరు మార్చే వైపు భుజం రెండోదానికన్నా కిందికి జారింది. మాస్టరు చూశాడు. నోట్లోనే అంకె అన్నాడు. భార్య అదే అంకె మిషను వెనకనుంచి పైకి అంది. ఆయన ఇంకోటి అన్నాడు, ఆవిడ అదీ అంది. ఇక అన్నీ ఒక్క తలలోనే నిలబెట్టుకునే పని లేదు. డ్రైవరు క్లచ్ గురించి చెప్తూనే ఉన్నాడు. మాస్టరు సుద్ద గీతలు గీసి, ఆ మాటలు ఆగకముందే గుడ్డలోకి కత్తెర దింపాడు. ఉన్ని తెగే చప్పుడు విని డ్రైవరు ఆగాడు.

"అదేంటి, కోసేస్తున్నారా? కొలత తీసుకోలేదుగా."

"మీరు చెప్పండి. ఆ తర్వాత బ్రేకు సంగతేంటి?"

కచ్చాకుట్టు వేసి తొడిగి చూసినప్పుడు గుండీ అందింది. కూర్చున్నా అందింది. భార్య వచ్చి భుజం దగ్గర లాగి చూసి, వేలు పెట్టి చూసి, కాజాలకి సూది తీసుకుంది. విప్పాల్సింది లేదన్నమాట. అంతకుమించిన నక్షత్రాలు ఆవిడ దగ్గర లేవు.

వీడ్కోలు సభకి వెళ్తూ డ్రైవరు కోటు వేసుకుని దుకాణానికి వచ్చి ఫొటో తీయమన్నాడు. మాస్టరు తీసి చూపించాడు. డ్రైవరు ఫోను దగ్గరికి తీసుకుని, దూరంగా పట్టుకుని, మళ్ళీ దగ్గరికి తీసుకున్నాడు.

"కోటు అద్దినట్టుంది మాస్టారూ. లోపలున్నవాడే బాలేడు. నేనింత ఉన్నానా?"

"ఉన్నారు."

"ప్యాంటు కోసం తీసినప్పుడు ఇలా లేనే. పస్తులుండి కూడా పెరిగానా?"

మాస్టరు నిజం చెప్తే మనిషి సభకి చిన్నబుచ్చుకుని వెళ్తాడు. పస్తుల సంగతి వింటే తనకే తలెత్తుకోవాలనిపించలేదు. "రాత్రికి కడుపునిండా తినండి," అన్నాడు ముందు. తర్వాత కూతురికి ఫోన్ చేసి, ఆ నొక్కుడు ఎక్కడుందో అడిగి, రెండుసార్లు నొక్కాడు.

"ఇటు తిరగండి. ఇంకోటి తీస్తాను."

ఈసారి డ్రైవరు మొహం విప్పారింది. "ఆఁ, ఇదీ నేను," అన్నాడు. వెనక తలుపు చట్రం నడుము ఎత్తున మెల్లగా లోపలికి వంగి ఉంది. ఆయన దాన్ని చూడలేదు. ఆ ఫొటోయే తన ఫోనులోకి పంపించుకుని సభలో అందరికీ చూపించాడట.

డ్రైవరు అటు వెళ్ళాక, ఆ మధ్యాహ్నం ఫోను మామూలుగానే అడిగింది: మీరు తృప్తిగా ఉన్నారా? మాస్టరు కత్తెర పక్కన పెట్టాడు. ఒక్కో నక్షత్రం నింపుకుంటూ వచ్చి చివరిదాని దగ్గర ఆగాడు. ఇది తనని మోసం చేసిందా, తనే దాన్ని అడక్కూడనిది అడిగాడా, కూతురు దాన్ని అడిగింది సరైనదేనా, డ్రైవరుకి ఇందాక చేసింది మేలా కీడా, ఎంత ఆలోచించినా కుట్టు ఎక్కడ మొదలైందో దొరకలేదు.

"ఏమంటోంది?" అంది భార్య.

"తృప్తిగా ఉన్నావా అంటోంది."

"ఉన్నారా?"

"ఉన్నాననే అనిపిస్తోంది. ఎందుకో తెలీట్లేదు."

చివరి నక్షత్రం కూడా నింపాడు. ఫోనుని సంచిలో పెట్టి గుండీ వేశాడు. తర్వాత లేచి, మూలకి వెళ్ళి, తలుపు చట్రం మీద అరచెయ్యి ఆనించి పైనుంచి కిందికి మెల్లగా తెచ్చాడు.

"వంగిందా?"

"లేదు," అన్నాడు, ఇంకోసారి తడిమి చూస్తూ.